అడుగు ప్లేట్లు

మా అక్క పోయిందని మార్కాపురం నుంచి ఫోను వచ్చే వేళకు నేను గిద్దలూరులో మా అమ్మాయి ఇంట్లో కూచుని చింతపండు గింజలు తీస్తున్నాను. "అమ్మ పొద్దున్నే కాఫీ తాగింది చిన్నమ్మా. గ్లాసు కింద పెట్టి గోడకు ఆనుకున్నది. అంతే" అన్నాడు వాళ్ళ పెద్దవాడు. ఎవరినీ మంచినీళ్ళు కూడా అడగకుండా పోయింది, అదృష్టవంతురాలు అని చూడవచ్చిన వాళ్ళంతా అన్నారు. నేనూ అన్నాను. అన్నాక చేట పక్కకు నెట్టి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడవాల్సినంత ఏడ్చాను.

ఇక ఏడవను. ఏడుపుగొట్టు రాతలు ఆమెకు గిట్టవు. పెద్దకర్మ నాటికి నాలుగు మాటలు రాసివ్వమని పిల్లలు అడిగారు. ఆమెను ఎరగని మీ కోసం రాస్తున్నాను. ఇది గెలిచిన మనిషి సంగతి, కాబట్టి ముఖం వేలాడేసుకుని చదవొద్దు.

అక్క అంటే తోడబుట్టినది కాదు, నా తోటికోడలు. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడుపు అని సామెత ఉంది. మా అక్క నన్ను చూసి నవ్విన మాట నిజమే. నేను కాపురానికొచ్చిన మొదటి రోజు నా పెట్టెలోంచి సినిమా పాటల పుస్తకాలు బయటపడితే, "ఓహో, వచ్చిందమ్మా సరస్వతి" అని పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ఆ తర్వాత ఆమే నాకు తల దువ్వి, ఆ పుస్తకాలు పదిలంగా పైన అటకమీద పెట్టించింది. ఆమెతో కోపం ఎక్కువసేపు నిలిచేది కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల సంగతి ఇది. మార్కాపురం, గిద్దలూరు, కంభం అన్నీ అప్పటికి కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి. నేను కనిగిరి పిల్లను. మా అత్తగారింట్లో మైకుసెట్టు ఉందంటే మా నాయన అదేదో జమీందారీ ఉన్నట్టు సంబరపడి సంబంధం ఖాయం చేశాడు. మైకుసెట్టంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. చేత్తో కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను మిషను, దానికి తగిలించిన యాంప్లిఫయరు, మనిషి నడ్డి విరగ్గొట్టే కారు బ్యాటరీ, గంగాళమంత హారను. ఇవన్నీ బస్సు టాపు మీద వేసుకుని పల్లెపల్లెకూ పెళ్లిళ్ళకు పోయేవాళ్ళు. అక్క భర్త, అంటే మా బావగారు, దానికి యజమాని. ఆయనే మిషను ముందు కూచుని పాటల ప్లేట్లు, అంటే రికార్డులు, వేసేవాడు. మా ఆయన తీగలు లాగేవాడు, బ్యాటరీ మోసేవాడు. ఆడవాళ్ళు ముట్టుకుంటే మిషను ముల్లు విరుగుతుందని ఒక నమ్మకం. మగవాళ్ళు ఇంట్లో లేనప్పుడు అక్క ముట్టుకుంటే మాత్రం ఒక్కసారీ విరగలేదు.

కొత్త సినిమా ప్లేట్ల కోసం బావగారు రైల్లో గుంటూరు పోయేవాడు. లక్క ప్లేట్లు కదా, కుదుపుకు పగిలేవి. అందుకని అక్కడి దుకాణమాయన కొత్త ప్లేట్ల అడుగున కొన్ని, పైన కొన్ని అమ్ముడుపోని ప్లేట్లు పేర్చి, గోనెసంచిలో వేసి కట్టిచ్చేవాడు. పగిలితే అవి పగులుతాయి, ఇవి బతుకుతాయి. ఎవరూ పేరు వినని కంపెనీలవి, ఒక్క పాట పాడి మళ్ళీ పాడని మనుషులవి, మన వైపు ఎవరూ కొనని భాషలవి. మా ఇంట్లో వాటిని అడుగు ప్లేట్లు అనేవాళ్ళం. బావగారు వాటిని మజ్జిగ కుండ మీద మూతలుగా వాడుకోమని వంటింట్లో పడేసేవాడు. అక్క ఒకరోజు మూత తీసి కడగబోతూ, దీని మీద కూడా గీతలున్నాయి కదా, ఇందులోనూ ఎవరో ఉండి ఉంటారు కదా అనుకున్నదట. తుడిచి మిషను మీద పెట్టింది. ఆ రోజు నుంచి మా మజ్జిగ కుండకు మూతలు కరువయ్యాయి.

మూతలతో మొదలైన పిచ్చి తర్వాత ఆగలేదు. బావగారు గుంటూరు పోయేటప్పుడల్లా గుమ్మం దాకా పోయి, "ఏమయ్యా, కొత్తవి తగ్గినా పర్లేదు, అడుగువి ఎక్కువ వేయించుకో" అని చెప్పేది. ఆయన విసుక్కుంటూనే తెచ్చేవాడు. చివరికి అడుగు ప్లేట్లకే ఒక గోనెసంచి అయింది. పడవ నడిపేవాడు పాడినట్టుండే పాట, బ్యాండు మేళాలు, ఫకీర్ల పాటలు, కొండల వాళ్ళెవరో గుంపుగా పాడినవి, ఒక ముసలావిడ మూలిగినట్టు పాడినది. వాటి మీది రాతలు మా ఇంట్లో ఎవరికీ చదవను రావు. అందుకని అక్కే పేర్లు పెట్టింది. పడవాయన, ముక్కుతో పాడే ఆమె, తుమ్మబోయి ఆగినాయన, తేనెటీగలు. ఈ తేనెటీగల ప్లేటు నాకు పరమ చిరాకు. పొద్దస్తమానం ఒకటే ఝుమ్మని మోత, దాని మీద ఏవో సన్నటి పీకల అరుపులు. తలనొప్పి వస్తుందని చెవుల్లో దూది పెట్టుకునేదాన్ని.

ఏ ప్లేటు మంచిదో ఆమె కనిపెట్టే పద్ధతి వేరు. మా ఇంటి ప్రహరీకి అవతల పలకలు చేసే షెడ్డు ఉండేది. బళ్ళో పిల్లలు రాసుకునే రాతిపలకలు. అక్కడ ఆడవాళ్ళు వరసగా కూచుని ఇసుకా నీళ్ళూ పోసి పలకలు నున్నగా రుద్దుతుండేవాళ్ళు. అక్క హారను వాళ్ళ వైపు తిప్పి, అడుగు ప్లేటు వేసి, తను గోడ పక్కన రోలు మీద నిలబడి తొంగి చూసేది. వాళ్ళ ముఖాలు కాదు, చేతులు. పాట మొదలైన కాసేపటికి చేతులన్నీ ఒక్క వరసలో ఆడితే ఆ ప్లేటు పెళ్లికి పనికొస్తుంది. చేతులు నిదానించి, ఎవరో ఒకరు మోచేత్తో కన్ను తుడుచుకుంటే అది అప్పగింతలకు. ఎవరి దారిన వాళ్ళు రుద్దుకుంటుంటే ఆ ప్లేటు మళ్ళీ సంచిలోకి.

"వాళ్ళనే అడగొచ్చు కదా అక్కా, బాగుందా లేదా అని" అన్నాను నేను.

"అడిగితే బాగుందక్కా అంటారు, పాపం. నోరు మొగమాటపడతది. చెయ్యికి ఆ మొగమాటం లేదు."

సంచిలోకి పోయిన ప్లేటును కూడా అంతటితో వదిలేది కాదు. కొన్నాళ్ళు ఆగి మళ్ళీ తీసేది. "కొత్త పాట కొత్తల్లుడు మాదిరి. మొదటిసారి బెట్టు చేస్తది. రెండోసారి గడప దాకా వస్తది. ఆ తర్వాత వంటింట్లోకొచ్చి, ఏముండాది పెట్టమంటది" అనేది. నా మొగుడు గడప దగ్గరే ఆగిపోయిన అల్లుడని మా అమ్మ ఎప్పుడూ దెప్పేది కాబట్టి నాకీ మాట విన్నప్పుడల్లా నవ్వొచ్చేది.

ఆమె ఎంచి ఇచ్చిన ప్లేట్లను బావగారు సినిమా పాటల మధ్యలో ఒకటీ అరా వేసేవాడు. బేస్తవారిపేట దగ్గర ఒక క్రైస్తవ పాలెంలో పెళ్లి. సినిమా పాటలు వద్దు, మా దేవుడివి కానివి వద్దు అన్నారు చర్చి అయ్యగారు. బావగారు చేతులెత్తేశాడు. అక్క కొండల వాళ్ళ ప్లేటు కట్టి పంపింది. అయ్యగారు సంచితో సహా మా ఇంటికే వచ్చి, "ఇవి మన కీర్తనలేనా అమ్మా?" అని అడిగారు. అక్క దాచలేదు. "తెల్దు అయ్యగారూ. కండ్లు మూసుకొని పాడినట్టు మాత్రం ఉండాది" అన్నది. ఆయన నవ్వేసి, అయితే సరేనన్నారు. ఆ పాలెంలో చాలా పెళ్లిళ్ళకు ఆ ప్లేటే మోగింది.

అప్పగింతలకు మాత్రం ఎక్కడికి పోయినా ఒకే ప్లేటు, ముక్కుతో పాడే ఆమెది. అది మొదలైతే చాలు, పెళ్లికూతురి తల్లే కాదు, వంటవాడు కూడా గరిటె పక్కన పెట్టి ఏడ్చేవాడు. కంభం నుంచి అర్ధవీడు దాకా ఆడపిల్లను పంపాలంటే ఆ ప్లేటు ఉండాల్సిందే. మా మైకు ముందుగా మాట్లాడుకుని, ఆ తర్వాత పురోహితుడి దగ్గరకు పోయిన వాళ్ళున్నారంటే నమ్మండి.

అక్కడే మా కొంప మునిగింది. మార్కాపురం రోడ్డు స్టేషను క్వార్టర్సులో ఒక పెళ్లి. అప్పగింతల వేళ అందరూ కొంగులు తడుపుకుంటుంటే, ఎక్కడో ఉత్తరాది నుంచి బదిలీ మీద వచ్చిన రైల్వే గార్డు ఒకాయన విరగబడి నవ్వడం మొదలుపెట్టాడు. ఏమిటయ్యా అంటే, అది తమ భాషే, అందులో తల్లీ లేదు, కూతురూ లేదు, బుట్టెడు చేపలు పట్టుకుని గట్టు మీద పెడితే గద్దలు తన్నుకుపోయాయని బెస్తావిడ ఏడుస్తున్నదని చెప్పాడు. పెళ్లికొడుకు వైపు వాళ్ళు నవ్వారు. పెళ్లికూతురి తండ్రికి తల కొట్టేసినట్టయింది. వారం తిరక్కుండా ఆ కబురు తాలూకా అంతా పాకింది. మా సెట్టుకు చేపల మైకు అని పేరొచ్చింది. పేట వీధిలో బావగారు పోతుంటే, "ఏమన్నా, ఈ రోజు సొరచేపా, కొర్రమీనా?" అని అడిగేవాళ్ళు.

బావగారు ఇంటికొచ్చి గోనెసంచిని కాలితో తన్నాడు. "బుట్టెడు చేపలకు మనం ఊరి ఆడపిల్లలందర్నీ అప్పగించినాం గదే!" అని అరిచాడు.

అక్క కంది బేడలు చెరుగుతూ తల ఎత్తకుండా అన్నది. "బుట్టెడు చేపలు పోతేనే ఆ తల్లి అంత ఏడ్చింది. పిల్లనే పంపే తల్లికి ఆ మాత్రం పాట ఉండొద్దా?"

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కానీ ఆ కాలంలో మేము బావగారితో ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్ళం కాదు. తలుపు చాటు నుంచి గోడకు చెబితే గోడ ఆయనకు చెప్పేది. "అక్క చెప్పిందాంట్లో తప్పేముందో" అని నేను గోడకు చెప్పాను. గోడ సరిగ్గానే అందించినట్టుంది, ఆయన ఇంకా మండిపడ్డాడు.

"అర్ధవీడు పక్క పల్లెలో పెళ్లి ఒప్పుకున్నా. అదే కడాకరు. ఆడ గాని నీ అడుగు ప్లేట్లతో నవ్వులపాలైనామో, సంచి ఎత్తి పాడుబావిలో పారేస్తా. ఇంక సినిమా ప్లేట్లు తప్ప ఈ ఇంట్లో ఏదీ మోగదు."

అక్క చేట దించింది. "నవ్వులపాలు కాకపోతే?"

"కాకపోతే నువ్వే కూచో మిషను ముందర!" అన్నాడాయన వెటకారంగా. అప్పటికి మా వైపు ఏ పెళ్లిలోనూ ఆడది మిషను ముందు కూచున్నది లేదు.

"ఈ మాట చిన్నది వినింది" అన్నది అక్క నా వైపు చూపించి. విన్నానని నేను గోడకు చెప్పాను.

ఆ పెళ్లికి మేమిద్దరం కూడా బయల్దేరాం. వంటకు సాయం అని పేరు. బేస్తవారిపేట దాకా బస్సు, అక్కడి నుంచి పెళ్లివారు పంపిన ఎద్దుల బండి. పోయి చూస్తే ఒకటి కాదు, రెండు పెళ్లిళ్ళు. ఒకే వీధిలో ఎదురెదురు ఇళ్ళు, రెండూ గొర్రెలున్న కుటుంబాలు, దాయాదులు. మంద మేపుకునే గుట్ట దగ్గర గొడవపడి మాటలు మానేసిన వాళ్ళు. ఒకే రోజు, ఒకే ముహూర్తం, పట్టపగలు. మమ్మల్ని ఈ ఇంటి వాళ్ళు పిలిస్తే, పోటీగా ఆ ఇంటి వాళ్ళు కనిగిరి నుంచి మైకు తెప్పించారు. అతనికి రెండు హారన్లు, నిగనిగలాడే మిషను, ఆ నెలలో వచ్చిన సినిమా ప్లేట్లు. మా పుట్టింటి ఊరివాడు కదా అని నాలో నేను కాస్త గర్వపడి, వెంటనే లెంపలేసుకున్నాను.

పొద్దు బారెడెక్కేసరికి కనిగిరి హారన్లు వీధిని దున్నేశాయి. బావగారు మా సినిమా ప్లేట్లు తీశాడు. అవే పాటలు, కాకపోతే మావి అరిగినవి. అవతల పాట మోగాక ఇవతల అదే పాట గరగరమంటుంటే జనం పగలబడి నవ్వారు. మా పెళ్లివారి చుట్టాలే ఒక్కొక్కరూ లేచి ఎదురింటి పందిట్లోకి జారుకున్నారు. పెళ్లికూతురి తండ్రి పరుగున వచ్చి, "ఏందన్నా ఇది? నా ఇంట్లో నా మైకు నాకే వినపడట్లేదు. వాళ్ళ ముందర నేను ముఖం ఎట్ల ఎత్తేది?" అన్నాడు. చేపల మైకు అని ఎవరో అరిచారు కూడా.

వెనక అరుగు మీద గుమ్మడికాయ తరుగుతున్న అక్క కత్తిపీట మడిచింది. "పా" అన్నది నాతో. చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఆ జనం మధ్యలోంచి నడిచి, మిషను ముందు నిలబడింది. సంచి మోసుకుంటూ వెనక నేను.

"లెయ్" అన్నది బావగారితో.

"ఏందే ఇది! నలుగురూ చూస్తా ఉండారు."

"చూడనీ. చూసేదానికొచ్చినోళ్ళు వింటారు."

ఆయన లేచాడో, కాళ్ళు వాటంతట అవే లేచాయో. అక్క చాప మీద కూచుని ముందు చేసిన పని ఏమిటంటే, మా మైకు ఆపేసింది. పెళ్లికూతురి తండ్రి తల పట్టుకున్నాడు. ఆమె మాత్రం చెవి ఎదురింటి వైపు పెట్టి కూచుంది. ఆ ప్లేట్లు చిన్నవి, ఒక పాట అయిపోగానే మిషను ఆపి ముల్లు మార్చాలి. ఎంత గొప్ప మైకైనా ఆ కాసేపు మూగబోవాల్సిందే. కనిగిరి అతను ముల్లు మారుస్తుండగా అక్క పడవాయన్ని వదిలింది. ఆ నిశ్శబ్దంలో ఆ గొంతు వీధి చివరిదాకా పోయింది. కొన్ని తలలు తిరిగాయి. అవతల కొత్త పాట మొదలవగానే మునిగిపోయింది. అక్క ఆపి, మళ్ళీ కాచుకుంది. మళ్ళీ సందు దొరకగానే ఇంకొకటి. ఈసారి తిరిగిన తలలు తిరిగినట్టే ఉన్నాయి.

"వాడిది ఎత్తు గొంతు. దానికంటే ఎత్తు మన దగ్గర లేదు. అడుగునుంచి పోవాల" అని, సంచిలో చెయ్యి పెట్టి తేనెటీగలను తీసింది.

"అది వద్దక్కా, నీకు దణ్ణం పెడతా" అన్నాను. నిజంగానే దణ్ణం పెట్టాను.

ఝుమ్మని మొదలైంది. ఆ మోతకు ఎత్తూ పల్లం లేదు, ఊపిరి తీసుకోవడం లేదు. కనిగిరి పాట మోగుతూనే ఉంది, కానీ కింద ఈ ఝుంకారం నిలబడేసరికి ఆ పాటలన్నీ శ్రుతి తప్పినట్టు వినిపించాయి. అతను మిషను తప్పు అనుకుని మర సవరించుకుంటున్నాడు. దొడ్లో గొర్రెలు మెడలెత్తాయి. అంతలో ఎదురింటి పందిట్లోంచి ఒక ముసలాయన కర్ర ఆడిస్తూ వీధి దాటి మా మీదికొచ్చాడు. ఆ ఇంటి పెద్ద, అవతలి పెళ్లికూతురి తాత. ఈ గడప తొక్కి ఏళ్ళయిందట.

"ఎవుర్రా నా తిత్తి ఊదేది?" అని గర్జించాడు.

తిత్తి అంటే మేకతోలు సంచి. గాలి ఊది చంక కింద నొక్కితే ఝుమ్మని శ్రుతి ఇస్తుంది. గొర్రెలకాపరులు దేవుడికి చేసే కొలుపుల్లో దాన్ని పట్టుకునే పాడతారు. ముసలాయన ఆ పల్లెలో దాన్ని ఊదే కడపటి మనిషి. పెళ్లిళ్ళకు మైకులొచ్చాక దాన్ని ఎవరూ అడగలేదు. దాయాదులు తన తిత్తి దొంగిలించి, తన మనవరాలి పెళ్లి నాడే ఊదిస్తున్నారని ఆయన అనుకున్నాడు. కర్రలు లేచేలా ఉన్నాయి.

"నీ తిత్తి ఇంట్లో ఉందేమో చూసి రా తాతా. లేకపోతే నన్ను కొట్టు" అన్నది అక్క, కూచున్న చోటు నుంచి కదలకుండా.

ఆయన విసవిసా పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు చంకలో తిత్తి ఉంది, ముఖంలో కోపం లేదు. చిన్నపిల్లవాడి అయోమయం ఉంది. "నాది చిలక్కొయ్యకే ఉండాది" అన్నాడు. "మరి అది ఎవురిదమ్మా?"

"తెల్దు తాతా. ఏ దేశపోళ్ళదో. మేకలుండే దేశమే అయ్యుంటది."

ఆయన మిషను దగ్గర చతికిలబడ్డాడు. హారను వైపు కాదు, తిరుగుతున్న ప్లేటు వైపు చూశాడు, అందులోంచి ఎవరైనా బయటికొస్తారేమో అన్నట్టు. "మా మాదిరి వాళ్ళు ఇంకా యాడనో ఉండారన్నమాట" అన్నాడు నెమ్మదిగా. అని, తిత్తిలోకి ఊపిరి ఊదాడు.

కలవలేదు. ప్లేటు శ్రుతి పైన ఉంది, తిత్తి కింద ఉంది. ముసలాయన గొట్టం మీది మైనం గోటితో సవరించాడు, అయినా అందలేదు. ఆయన ముఖం వాడిపోవడం చూసి, అక్క మిషను పక్కన ఉండే వేగం మర మీద చెయ్యి వేసింది.

"అది ముట్టుకోవద్దే, పాట చెడతది!" అన్నాడు బావగారు.

"ప్లేటు దిగొస్తది. తాత ఎందుకు ఎక్కాల?" అన్నది. మర కొంచెం తిప్పింది. ప్లేటు నిదానించింది, ఝుంకారం కిందికి జారింది. ఇంకొంచెం తిప్పింది. ఎక్కడో ఒక చోట రెండు మోతలూ కలిసి ఒక్కటైపోయాయి. ఎంతగా కలిశాయంటే ముసలాయన తన ఊపిరి ఆగిపోయిందేమోనని తిత్తి తడుముకున్నాడు. అక్క చదివింపులు చెప్పే మైకు తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళు మూసుకుని, గుట్ట దిగే మందను పేరుపేరునా పిలిచే పాట ఎత్తుకున్నాడు. ఈ ఇంటి మగవాళ్ళూ ఆ ఇంటి మగవాళ్ళూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే వంత అందుకున్నారు. ఆ వంత వాళ్ళ రక్తంలో ఉంది, గుట్ట గొడవకు ముందు నుంచీ ఉంది.

చేతులు చూడమని అక్క నాకు మోచేత్తో పొడిచింది. చూశాను. వడ్డించేవాళ్ళు, పూలు గుచ్చేవాళ్ళు, తలంబ్రాల బియ్యం కలిపేవాళ్ళు, రెండు పందిళ్ళలోనూ, అందరి చేతులూ ఒకే వరసలో ఆడుతున్నాయి.

కనిగిరి హారన్లు ఎప్పుడు ఆగిపోయాయో ఎవరూ గమనించలేదు. ఆ మైకతను ఒక హారను భుజాన వేసుకుని వీధి దాటి వచ్చాడు. మంచివాడు, మా ఊరివాడు కదా. "అక్కా, ఇది కూడా మీ తీగకే తగిలించుకోండి. మా పందిట్లో వాళ్ళకు సరిగ్గా వినపడట్లేదంట" అన్నాడు. మా ఆయన గబగబా తీగ లాగాడు. ఇద్దరు పెళ్లికూతుళ్ళ మెడలోనూ తాళి ఆ తిత్తి మోతలోనే పడింది. మధ్యాహ్నం ఒకే బంతిలో విస్తళ్ళు వేశారు. మళ్ళీ కొన్నాళ్ళకు ఆ దాయాదులు కొట్టుకున్నారని విన్నాను. అది వాళ్ళ ఖర్మ. ఆ రోజు మాత్రం ఒకే గంగాళంలోంచి పప్పు వడ్డించుకున్నారు.

సాయంత్రం పెళ్లికూతురి తండ్రి తమలపాకులు, పంచె, చీర పళ్ళెంలో పెట్టుకుని బావగారి దగ్గరకొచ్చాడు. బావగారు చేతులు వెనక్కు పెట్టుకున్నాడు. అందరూ వింటుండగా, "ఆమెకియ్యండి. మిషను ముందర కూచునేది ఆమె" అన్నాడు. మొండివాడే గానీ మాట తప్పేవాడు కాదు మా బావగారు. అక్క తలెత్తి ఆయన్ని చూసిన చూపు నేను చూశాను. అంత గెలుపు, అంత ప్రేమ ఒక్క ముఖంలో మళ్ళీ నేను చూడలేదు.

ఆ తర్వాత ఎన్నేళ్ళు ఆమె మా తాలూకాల పెళ్లిళ్ళలో మిషను ముందు కూచుందో చెప్పలేను. ప్లేట్లు పోయి టేపులొచ్చాయి, టేపులు పోయి ఇంకేవో వచ్చాయి, మైకుసెట్టు అమ్మేశాం. కాలు చెయ్యి ఆడనప్పుడు కూడా మనవళ్ళ ఫోన్లలో ఎవరూ వినని పాటలు వెతికించి వినేది. "అందరూ విన్నది నేను వినకపోయినా దానికేం నష్టం లేదు. ఎవురూ విననిదాన్ని నేనన్నా వినాల గదా" అనేది. తెలియనిదంటే ఆమెకు భయం లేదు. ఎవరో కష్టపడి పాడి ఉంటారని ముందే నమ్మేది. ఆ నమ్మకం నాకూ కాస్త అంటింది, అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

ఆమె పోయిందన్న నాటి నుంచి నా కళ్ళ ముందు కదిలేది ఆ పెళ్లి కాదు, మర్నాటి దారి. ఎద్దుల బండిలో బేస్తవారిపేటకు తిరిగొస్తున్నాం. బావగారు బండి వెనక నడుస్తున్నాడు. బండిలో ఆయన చోట మిషను, దాని ముందు అక్క. ఎదురుగా పెద్ద గొర్రెల మంద వచ్చి దారంతా నిండింది. బండి ఆగింది. కాపరులు మైకును చూసి, కూచున్నది ఆడమనిషి అని చూసి, ఒకర్నొకరు పొడుచుకున్నారు. ఒకతను ధైర్యం చేసి, "అమ్మా, ఒకటి వేస్తావా?" అన్నాడు. మా ఆయన హారను బండి గుంజకు ఎత్తి కట్టాడు. చుట్టూ ఎండ, కంది చేలు, దూరంగా నల్లమల. అక్క సంచిలో చెయ్యి పెట్టి, చూడకుండానే ఒక ప్లేటు తీసింది. ఇంట్లో ఎప్పుడూ వేయనిది, ఇంకా పేరు పెట్టనిది. కొంగుతో దుమ్ము తుడిచింది, కీ ఇచ్చింది.

"ఏం పాటమ్మా అది?" అన్నాడతను.

"నాకూ తెల్దు నాయనా. విందాం" అని, నవ్వుతూ ముల్లు దించింది.